ఎత్తుకునేది ఎవరో తేలాకే క్యారియర్: ఒంగోలులో ఒక కేసు

ఒంగోలులో పిల్లల ఫిజియోథెరపీ నా పని. ఈ కేసు మాత్రం పిల్లతో మొదలు కాలేదు. తల్లి నడుం నొప్పితో వచ్చింది. డాక్టరు రాసిన చీటీలో ‘సిజేరియన్ అయి ఐదు నెలలు, నడుం నొప్పి, కుడి భుజం నొప్పి’ అని మాత్రమే ఉంది. ఆమె వెనకాలే పాపను ఎడమ చంకనేసుకుని అత్తగారు, ఆవిడ వెనకాల పాపను ఒంటికి కట్టుకుని మోసే గులాబీ రంగు క్యారియర్ పట్టుకుని భర్త. ముగ్గురూ కలిసి రావడం నాకు బాగా కలిసొచ్చింది. కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు లేవు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

తల్లిది బుచ్చిరెడ్డిపాలెం. మొదటి కాన్పు కాబట్టి పుట్టింట్లోనే ఉంది. ఐదో నెల రాగానే మంచిరోజు చూసి పాపను ఒంగోలు తీసుకొచ్చారు. నెల్లూరులో పినాకిని రైలు ఎక్కి ఇక్కడ దిగి ఇంటికి చేరేదాకా, స్టేషన్ మెట్లతో సహా, పాప క్యారియర్‌లోనే ఉంది. ఆ రాత్రి మొదలైన నొప్పి మళ్లీ తగ్గలేదు. ఆమెకు ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. చట్టం ఇచ్చే 26 వారాల ప్రసూతి సెలవు ఇంకొన్నాళ్లలో అయిపోతుంది. భర్త కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరు. అత్తగారికి అరవై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగాయి. అద్దె ఇల్లు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. కారు లేదు, బైకు ఉంది.

“ఇది మంచిది కాదని యూట్యూబ్‌లో చూశాం మేడమ్. మంచి కంపెనీది ఒకటి చెప్పండి, ఆర్డర్ పెట్టేస్తాం” అన్నాడు భర్త.

అందరూ ముందు అడిగేది కంపెనీ పేరే. నేను దానికి చివర్లో తప్ప జవాబు చెప్పను. అదే క్యారియర్ ఒక ఇంట్లో రోజూ అక్కరకొస్తుంది, ఇంకో ఇంట్లో రెండుసార్లు వాడాక బీరువా పైకి ఎక్కుతుంది. ఎవరు ఎత్తుకుంటారు, ఏ వేళప్పుడు, ఎక్కడికి అన్నవి తేలకుండా కొన్న వస్తువు బీరువా పైకే చేరుతుంది.

ముందు పాప

పాప బరువు 6.8 కిలోలు. మెడ గట్టిగా నిలబడింది. బోర్లా పడుతోంది, బొబ్బట్లు పంచడం కూడా అయిపోయిందట. పట్టుకుంటే కూర్చుంటుంది, వదిలితే పక్కకు ఒరిగిపోతుంది. క్యారియర్ విషయంలో పాపకు ఎన్నో నెల అనే లెక్క కన్నా ఇవే నాకు ముఖ్యం. మెడ నిలవని బిడ్డను ఎదకు ఆనించుకుని మాత్రమే మోయాలి. తనంతట తాను కూర్చోగలిగే బిడ్డనైతే వీపు మీదా వేసుకోవచ్చు. ఈ పాప ఆ రెంటికీ మధ్యలో ఉంది.

డిశ్చార్జి కాగితాలు తిరగేస్తే ‘బ్రీచ్’ అన్న మాట కనిపించింది. కడుపులో పాప తల కిందికి తిరగలేదు, అందుకే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, తొలిచూలు, బ్రీచ్. ఈ మూడూ కలిసినప్పుడు తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోయే ప్రమాదం మిగతా పిల్లల కన్నా ఎక్కువ. డాక్టర్లు దీన్ని డీడీహెచ్ లేదా హిప్ డిస్‌ప్లేసియా అంటారు. తొడ ఎముక పైభాగంలో ఉండే గుండు, తుంటి ఎముకలోని గుంటలో లోతుగా కూర్చోవాలి. పుట్టిన కొత్తలో ఆ గుంట చాలావరకు మెత్తటి మృదులాస్థి. గుండు సరైన చోట ఆనుకుని ఉంటేనే గుంట లోతుగా పెరుగుతుంది. అందుకే బ్రీచ్ బిడ్డలకు ఆరు వారాలప్పుడు తుంటి స్కానింగ్ చేయించమంటారు. ఈ పాప కాగితంలోనూ ఆ మాట ఉంది. బాలింత ఇంటి హడావుడిలో అది ఎవరి కంటా పడలేదు.

పడుకోబెట్టి తొడలు రెండూ పక్కలకు విప్పి చూశాను, సమానంగా విచ్చుకున్నాయి. మోకాళ్లు మడిచి పాదాలు పక్కపక్కన పెడితే మోకాళ్ల ఎత్తూ సమానమే. అయినా చేత్తో చూసి సరేననడానికి ఈ కేసు ఒప్పుకోదు. నాలుగైదు నెలలు దాటాక ఆ గుండులో ఎముక గట్టిపడటం మొదలవుతుంది, ఎక్స్‌రేలో కనబడుతుంది. అందుకని ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. ఎక్స్‌రే బాగుంది. అది చూశాకే కొత్త క్యారియర్ మాట ఎత్తాను.

ఇరుకు క్యారియర్ వల్లే తుంటి జారిందని చెప్పగలిగే రుజువు లేదు, ఈ మాట తల్లిదండ్రులకు స్పష్టంగానే చెబుతాను. లేనిపోని టెన్షన్ పెట్టడం నాకిష్టం ఉండదు. కానీ పసిబిడ్డల కాళ్లు నిటారుగా చాపి బిగించి చుట్టే అలవాటున్న చోట్ల తుంటి సమస్యలు ఎక్కువని చాలాకాలంగా తెలుసు. మొదటి ఆరు నెలలు బిడ్డ ముఖం మన వైపే ఉండేలా, తొడలకు ఆధారం ఇచ్చి, కాళ్లు ఎడంగా ఉండేలా ఎత్తుకోమని అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. బ్రీచ్ పాప విషయంలో ఆ సలహా పాటించకపోవడానికి నాకు కారణమేమీ కనిపించలేదు.

అత్తగారికి ఇది నచ్చలేదు. “కాళ్లు అంత ఎడంగా పెడితే దొడ్డికాళ్లు రావా అమ్మా? మా పిల్లకాయలకి రోజూ నూనె రాసి, కాళ్లు సాగదీసి, జతగా గుడ్డ చుట్టి పడుకోబెట్టేవాళ్లం” అన్నారు.

ఈ భయం మన జిల్లాలో ఇంటింటా ఉన్నదే. పసిపిల్లలందరికీ కాళ్లు కాస్త వంకరగానే ఉంటాయి, నడక వచ్చి రెండేళ్లు నిండే లోపు చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. ఆవిడతో వాదన పెట్టుకోలేదు. “పాపను మీరు చంకన ఎట్టా ఎత్తుకున్నారో అద్దంలో చూడండి పెద్దమ్మా” అన్నాను. పాప కాళ్లు ఆవిడ నడుముకు అటొకటి ఇటొకటి, మోకాళ్లు పిర్రల కన్నా కాస్త పైకి, అచ్చం కప్ప కూర్చున్నట్టు. తుంటికి కావాల్సింది అదే. మన చంక ఇచ్చే ఆ కూర్చునే తీరునే మంచి క్యారియర్ కూడా ఇవ్వాలి. ఆవిడ అద్దంలోకి చూసి నవ్వారు, ఒప్పుకున్నానని మాత్రం అనలేదు.

చీర మీద క్యారియర్

ఇంట్లో ఎలా వేసుకుంటావో అలాగే వేసుకుని చూపించమ్మా అని తల్లినడిగాను. ఇది ఎప్పుడూ అడుగుతాను, నోటితో చెప్పేదానికీ చేసి చూపేదానికీ చాలా తేడా ఉంటుంది.

పాప కాళ్ల మధ్య బట్ట బెత్తెడు వెడల్పు. బరువంతా గజ్జల మీద పడి కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. తొడల లోపలి వైపు ఎర్రటి గీతలు. ముఖం బయటికి. పట్టీలు వదులుగా ఉండటంతో పాప తల్లి పొట్ట దాకా జారింది. పాప బరువు ముందుకు లాగుతుంటే తల్లి వెనక్కి ఒరిగి నిలబడుతోంది. బరువు ఒంటికి ఎంత దూరం జరిగితే నడుముకు అంత పని పెరుగుతుంది. పైగా సిజేరియన్ తర్వాత ఆమె పొట్ట కండరాలు ఇంకా దగ్గర పడలేదు, బొడ్డు పైన రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. కుడి భుజం నొప్పి సంగతి ఇంకా తేలిక: ఎడమ పట్టీ కన్నా కుడి పట్టీ బాగా బిగుతుగా ఉంది, కొన్నప్పటి నుంచీ ఎవరూ సరిచేయలేదు.

దగ్గరికెళ్లి చూస్తే ఇంకో మూడు కనిపించాయి. లోపావడా నాడా ముడి సరిగ్గా నడుం బెల్టు కింద పడి, పక్కన రూపాయి బిళ్లంత గుంట చేసింది. పైట మడతలకు పెట్టిన పిన్నీసు భుజపు పట్టీ కిందే ఉంది. తాళి, నల్లపూసలు పాప వీపుకూ తల్లి ఎదకూ మధ్య నలుగుతున్నాయి. ఏ మాన్యువల్లోనూ ఇవి ఉండవు. రాసినవాళ్లు చీర మీద వేసి చూసి ఉండరు. పిన్నీసు తీసేయాలి, ఇందులో రాజీ లేదు. నాడా ముడిని బెల్టు తగలని చోటికి జరపాలి, లేదంటే క్యారియర్ వేసే రోజు పంజాబీ డ్రెస్సే సుఖం. నల్లపూసలు వీపు వైపు వేసుకోవాలి. పాప ముఖం లోపలికి తిరిగిందంటే అవి చెంపకు గుచ్చుకుంటాయి, చేతికి దొరికితే నోట్లోకీ పోతాయి.

“రైల్లో నిద్రపోయిందా?” అనడిగాను.

“పోయింది మేడమ్. తల ముందుకు వాలిపోతుంటే నుదురు చేత్తో పట్టుకుని కూర్చున్నా.”

తుంటి కన్నా నాకు ఎక్కువ దిగులు పుట్టించింది ఈ మాట. బయటికి తిరిగి కూర్చున్న బిడ్డ నిద్రపోతే తలకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు, గడ్డం ఎదకు అతుక్కుపోతుంది. పసిబిడ్డ ఊపిరి గొట్టం సన్నం, మెత్తన. మెడ అలా వంగితే గాలి దారి మూసుకుపోవచ్చు, అదీ చప్పుడు లేకుండా. అందుకే బయటి ముఖం మెలకువగా ఉన్నప్పుడు, మెడ బాగా నిలిచాక, కాసేపే. కునుకు రాగానే లోపలికి తిప్పాలి.

ఊపిరి విషయంలో నేను పట్టించే గుర్తులు తేలికైనవే. తల వంచితే పాప నడినెత్తిన ముద్దు పెట్టుకోగలగాలి. ముఖం ఎప్పుడూ మన కంటికి కనబడాలి, పైట గానీ తువ్వాలు గానీ కప్పకూడదు. గడ్డం కింద రెండు వేళ్లు పట్టాలి. లోపలికి తిరిగిన పాప పొట్టా ఎదా మన ఒంటికి ఆనుకునేంత, వీపుకు ఆధారం దొరికేంత బిగువు ఉండాలి. ముందుకు కొంచెం వంగి చూస్తే పాప మన ఒంటి నుంచి విడిపోకూడదు. బట్ట వదులైతేనే పాపకు హాయి అనుకుంటారు గానీ, వదులైన బట్టలోనే పాప కిందికి జారి ముడుచుకుపోతుంది.

ఇదే సమయంలో అత్తగారు చేతిసంచీలోంచి ఇంకోటి తీశారు. పైఅంతస్తు వాళ్లబ్బాయి ఎప్పుడో అమెరికా నుంచి తెచ్చిన స్లింగ్, అడుగున లోతైన సంచీలా ఉండి బిడ్డను అడ్డంగా పడుకోబెట్టే రకం. వాడకుండా పడి ఉందని ఇచ్చారట. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2010 మార్చిలో హెచ్చరిక చేసింది: అంతకు ముందు 20 ఏళ్లలో స్లింగులతో ముడిపడిన కనీసం 14 మరణాలు తమ దృష్టికి వచ్చాయనీ, వాటిలో 12 మంది నాలుగు నెలల లోపు పిల్లలేననీ చెప్పింది. సంచీ రకాలు కొన్ని వెనక్కి కూడా తీసుకున్నారు. 2017లో స్లింగులన్నిటికీ అక్కడ తప్పనిసరి భద్రతా ప్రమాణం వచ్చింది. అలాంటి పాత సరుకు ఇళ్లలో మూలన ఉండి, ప్రేమతో చేతులు మారుతూ మన దాకా వస్తుంటుంది. దీన్ని ఇంకెవరికీ ఇవ్వొద్దని, కత్తిరించి పారేయమని చెప్పాను.

ఒక రోజు లెక్క

ఆ తర్వాత వాళ్లకు ఒక కాగితం ఇచ్చి, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా పాప ఎవరి చేతిలో ఉంటుందో రాయమన్నాను. ఇప్పటి రోజు ఒకటి, తల్లి బ్యాంకుకు వెళ్లడం మొదలుపెట్టాక రాబోయే రోజు ఒకటి.

రెండో కాగితం నింపేటప్పుడు ముగ్గురూ ఆగిపోయారు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా వరుసగా ఒకే మాట: నాయనమ్మ, నాయనమ్మ, నాయనమ్మ. క్యారియర్ కొనేది కొడుకూ కోడలూ, రంగు ఎంచుకున్నది కోడలు, రోజంతా పిల్లను మోయబోయేది మాత్రం అరిగిన మోకాళ్లున్న ఆవిడ. ఆవిడను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆవిడా నోరు తెరవలేదు. నేను అడిగితే, “నాకు ఆ క్లిప్పులు పెట్టుకోను రాదమ్మా. వీపున ఉన్న క్లిప్పు నేనెట్టా అందుకునేది?” అన్నారు.

ఆ ప్రశ్నతో సగం ఎంపిక తేలిపోయింది.

కాగితంలో ఇంకోటి బయటపడింది. భర్త తెల్లారుజామున చెరువుల మీదికి పోయి పన్నెండింటికి ఇంటికొస్తాడు, మళ్లీ సాయంత్రం మేత వేళకు పోతాడు. అంటే మధ్యాహ్నం నాలుగు గంటలు ఇంట్లోనే ఉంటాడు. పాప నిద్రకు మారాం చేసేదీ సరిగ్గా అప్పుడే. “నువ్వు వేసుకోవా?” అంటే సిగ్గుపడ్డాడు. “ఇది లేడీస్‌ది కదా మేడమ్, పైగా గులాబీ రంగు.” ఐదడుగుల పదకొండంగుళాల మనిషికి ఆ బెల్టు నిజంగానే అందలేదు కూడా.

క్యారియర్ ఎవరి కొలతకు సరిపోవాలన్నది ఇప్పుడు స్పష్టమైంది. ఐదడుగుల ఒక అంగుళం తల్లికీ, ఆరడుగులకు అంగుళం తక్కువున్న తండ్రికీ. మోకాళ్లు అరిగిన నాయనమ్మకు వేరే ఏర్పాటు.

వేసి చూసినవి

నా దగ్గర నమూనాలు నాలుగైదు ఉంటాయి. కొనకముందు వేసి చూడటమే ఇందులో అసలు పని. పాపతో కాదు, ముందు ఐదు కిలోల బియ్యం సంచీతో. మొలగొలుకులైనా సోనామసూరైనా సరే, సంచీ ఏడవదు కాబట్టి చేతులు నేర్చుకుంటాయి. పాపతో మొదటిసారి వేసుకునేటప్పుడు మంచం పక్కనే నిలబడాలి.

సాగే బట్టతో చుట్టుకునే పొడవాటి ర్యాప్ తల్లికి చూడగానే నచ్చింది. మెత్తగా ఉంటుంది, ఫొటోల్లోనూ బాగుంటుంది. మూడు నెలల లోపు బిడ్డకు, ఏసీ గదిలో అది బంగారం. కానీ పాప ఒంటి మీద మూడు పొరల బట్ట, ఒంగోలు ఎండలు, ఏడు కిలోలకు చేరువవుతున్న పాప. ఆ బరువుకు సాగే బట్ట కాసేపటికే కిందికి దిగిపోతుంది. కట్టుకునేటప్పుడు కొసలు నేల మీద పడతాయి, అద్దంకి బస్టాండులో నిలబడి కట్టుకోవాలంటే ఎలా ఉంటుందో ఆమే ఊహించుకుని వద్దంది.

రింగ్ స్లింగ్ ఒక భుజం మీద నుంచి వచ్చే బట్ట, రెండు రింగుల్లోంచి దూర్చి బిగించుకోవడం. ఎత్తడం దించడం క్షణంలో పని, ఒంటిపొర, గాలి ఆడుతుంది, పాప చంకన కూర్చున్నట్టే కూర్చుంటుంది. మన వాతావరణానికి దీని మీద నాకు కాస్త పక్షపాతం ఉంది, దాచను. కానీ బరువంతా ఒకే భుజం మీద. ఈమెకు నొప్పి ఉన్నది భుజంలోనే. నొప్పి తగ్గాక, పావుగంట పనులకు, భుజాలు మార్చుకుంటూ వాడుకోవచ్చన్నాను.

“చీరాల నుంచి బట్ట తెప్పించి ఇక్కడే కుట్టిస్తే?” అన్నాడు భర్త, మర్నాడు హార్డ్‌వేర్ షాపు నుంచి రెండు ఇనుప రింగులు కూడా పట్టుకొచ్చాడు. రింగును గోరుతో తడిమి చూపించాను, అతుకు వేసిన చోట సన్నటి గీత తగిలింది. బిడ్డ బరువు పడేది ఆ అతుకు మీదే. స్లింగుకు వాడేవి అతుకు లేని, ఈ పనికే చేసిన, బరువు పరీక్ష చేసిన రింగులు. బట్ట సంగతి కూడా అంతే. సన్న నూలు చీర కంటికి అందంగా ఉంటుంది గానీ రింగుల్లో జారుతుంది, వాడి వాడి పలచబడిన చీర ఎక్కడ చిరుగుతుందో తెలియదు. చేనేత దుప్పటి బట్టంత దిట్టంగా ఉంటే పనికొస్తుంది. కుట్టు మాత్రం ఈ పని తెలిసినవాళ్లు వేయాలి. ఆ రింగులు కర్టెన్లకు పనికొచ్చాయట.

గట్టి పీట లాంటి హిప్ సీటు కూడా పెట్టి చూశాం. ఏడాది దాటి దిగుతానూ ఎక్కుతానూ అనే పిల్లలకు అది బాగుంటుంది. ఈమె ఆపరేషన్ కుట్టు మీద దాని అంచు ఒత్తింది, అక్కడితో సరి.

చివరికి నిలిచింది రెండు భుజాల బకిల్ క్యారియర్, కూర్చునే బట్ట వెడల్పు తగ్గించి పెంచుకునే రకం. ఒక మోకాలి వంపు నుంచి ఇంకో మోకాలి వంపు దాకా బట్ట రావాలి. అంతకన్నా తక్కువైతే కాళ్లు వేలాడతాయి, ఎక్కువైతే మోకాళ్లు మడవలేక కాళ్లు బార్లా చాపుకుంటాయి. పాప పెరిగే కొద్దీ ఆ వెడల్పు పెరగాలి. ఈ ఇంటికి ఇంకో రెండు షరతులు కలిపాను: నడుం బెల్టు తండ్రికీ చాలాలి, తల్లికి బిగించాక మిగిలిన పట్టీ వేలాడకుండా చుట్టి పెట్టే ఎలాస్టిక్ ఉండాలి. లేబుల్ మీద బరువు పరిమితి, కనీసం ఎన్ని కిలోల నుంచి వాడాలన్నది చదవమన్నాను. రంగు ముదురు నీలం, అది తండ్రి షరతు.

బెల్టు నడుం ఎముక పైఅంచున కూర్చోబెట్టడంతో తల్లికి కుట్టు మీద ఒత్తిడి పోయింది. పాపను లోపలికి తిప్పి కూర్చోబెట్టి, పిర్రల కింద చెయ్యి పెట్టి కాస్త ముందుకు ఒంచి సర్దితే మోకాళ్లు పైకి వచ్చాయి. పట్టీలు రెండూ సమానంగా లాగాక పాప నెత్తి ఆమె గడ్డం కిందికి వచ్చింది. నిలబడే తీరు అక్కడికక్కడే మారింది, వెనక్కి ఒరగడం మానేసింది. దీంతోపాటు పొట్ట కండరాలకు వ్యాయామాలు, కింది వస్తువు తీయడానికి నడుం వంచకుండా మోకాళ్లు మడిచి కూర్చోవడం నేర్పాను. వీపున క్లిప్పు అందకపోతే దాన్ని ముందే పెట్టేసి, చొక్కాలా తలమీదుగా వేసుకునే ఉపాయం ఉంది. భర్తకు అది పట్టుబడింది, తల్లికి భుజం నొప్పి వల్ల అప్పటికి కుదరలేదు.

పొయ్యి దగ్గర మాత్రం వేసుకోవద్దు. తాలింపు చిట్లినా, టీ గిన్నె ఒలికినా ముందుగా తగిలేది పాపకే.

నాయనమ్మ ఏర్పాటు

నడిచేటప్పుడు అదనపు కిలో బరువు మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల ఒత్తిడి తెస్తుంది. పాపతో కలిపి ఆ లెక్క వేస్తే ఒక్కో అడుగుకూ పాతిక కిలోల పైనే. క్యారియర్ చేతులకు విశ్రాంతినిస్తుంది గానీ మోకాలికి ఇవ్వదు. మెట్ల మీద పట్టు తప్పితే ఇద్దరూ పడతారు. కాబట్టి ఆవిడకు ఏ క్యారియరూ వద్దన్నాను. ఇది వినగానే ఆవిడ ముఖం తేటపడింది.

“మరి ఏడిస్తే ఎట్టా?” అన్నారు. దానికి హాల్లో నేల మీద పరుపు కాదు, చాప మీద మందపాటి బొంత. పక్కనే ఆవిడ కూర్చోవడానికి ఎత్తు తక్కువ కుర్చీ. పాప ఆడేది బొంత మీద, ఏడిస్తే కుర్చీలో కూర్చున్న ఆవిడ ఒడిలోకి. ఐదు నెలల బిడ్డకు రోజులో ఎక్కువసేపు నేల మీద దొర్లడమే కావాలి, పాకడానికి బలం అక్కడే వస్తుంది. ఎత్తుకుని తిరగడం మధ్యాహ్నం తండ్రిది, సాయంత్రం తల్లిది. చీర ఉయ్యాల మానేయమంటే ఆవిడ ఒప్పుకోరని తెలుసు. మెలకువలో, కళ్లెదుట ఉన్నంతసేపు సరేనన్నాను. నిద్రకు మాత్రం చదునుగా, గట్టిగా ఉండే పరుపు మీద వెల్లకిలా. ఉయ్యాల గుడ్డలో వీపు ముడుచుకుని గడ్డం ఎదకు చేరుతుంది, పైగా బోర్లా పడే పాప.

ఆవిడ ఇంకో అభ్యంతరం కూడా పెట్టారు. “ఎప్పుడూ ఒంటికి కట్టుకుంటే చంక మరుగుతుంది, ఇంక దించలేం.” ఈ మాట ప్రతి ఇంట్లో వింటాను. 1986లో మాంట్రియల్‌లో చేసిన ఒక అధ్యయనంలో రోజూ మామూలు కన్నా ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో 43 శాతం తక్కువ ఏడ్చారు. విపరీతమైన కడుపునొప్పి ఏడుపులకు మాత్రం అది పనిచేయలేదని అదే బృందం తర్వాత తేల్చింది. నెలలు నిండని బిడ్డల్ని తల్లి ఎదకు ఆనించి కట్టే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది, ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేస్తున్నారు. పసిబిడ్డ ఒంటికి అంటుకుని ఉండాలనుకోవడం చెడ్డ అలవాటు కాదని ఆవిడకు చెప్పాను. ఎంత నమ్మారో తెలియదు గానీ, కొడుకు పాపను కట్టుకుని తిరుగుతుంటే ఏమీ అనలేదట.

ఎండ

మే నెల మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. ఒంటికి ఒళ్లు ఆనితే రెండొళ్ల వేడీ కలుస్తుంది. జాలీ బట్ట క్యారియర్ అని అమ్మేవాటిలో గాలి ఆడేది పాప వీపుకే, పొట్ట వైపు ఇద్దరి మధ్యా చెమట అలాగే ఉంటుంది. మధ్యలో పలచటి నూలు తువ్వాలు ఒకటి వేసి, తడిసినప్పుడు మార్చమన్నాను. పాపకు లోపల చొక్కా ఒక్కటే, సాక్సులూ టోపీ వద్దు. వేడి తెలుసుకోవడానికి చేతులు కాదు, మెడ వెనక తాకాలి. అక్కడ చెమట పట్టి వేడిగా ఉన్నా, పాప మామూలుగా కాక మగతగా ఉన్నా వెంటనే దించి, గాలి తగిలే చోట పాలు పట్టాలి. ఆరు నెలల లోపు పాలే, నీళ్లు కాదు. పొద్దున పది దాటాక సాయంత్రం నాలుగున్నర దాకా క్యారియర్‌తో బయటికి వెళ్లొద్దన్నాను. ఇంట్లోనైనా గంటకోసారి దించడం మంచిది.

మెడ మడతల్లో చెమటకాయలు వచ్చాయి ఒకసారి. క్యారియర్ వాడకం సగానికి తగ్గించి, పాపకు పొద్దున సాయంత్రం స్నానం చేయిస్తే పోయాయి.

తర్వాత

కొన్ని వారాలకు తల్లి భుజం నొప్పి పోయింది. నడుం నొప్పి బాగా తగ్గింది గానీ బ్యాంకులో రోజంతా కూర్చోవడంతో సాయంత్రాలు ఇంకా పట్టేస్తుంది, దానికి వేరే వ్యాయామాలు నడుస్తున్నాయి. క్యారియర్ ఎక్కువగా వాడుతున్నది తండ్రే. మధ్యాహ్నం పాపను కట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగితే పావుగంటలో నిద్రపోతుంది, మెల్లగా వంగి పరుపు మీదకు దించుతాడు. రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్లినప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో పాపను ఎదకు కట్టుకుని తిరిగాడు. అంత తోపులాటలో ముఖం బయటికి తిప్పొద్దని, నీళ్ల అంచుకు దిగొద్దని ముందే చెప్పి పంపాను. పాప తనంతట తాను కూర్చోవడం వచ్చాక వీపు మీద వేసుకోవడం నేర్పాను, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ పక్కన ఇంకో మనిషి ఉండాలన్న షరతు మీద.

తొమ్మిదో నెలలో ఆయన అడిగింది, నేను ముందు నుంచీ ఎదురుచూస్తున్న ప్రశ్న: “దీన్లో కట్టుకుని బైకు మీద కొత్తపట్నం బీచికి పోవచ్చా?”

పోకూడదు. క్యారియర్ నడిచే మనిషి కోసం చేసింది. బండి పడితే తండ్రి బరువుకూ రోడ్డుకూ మధ్య, లేదా తండ్రి బరువుకూ హ్యాండిల్‌కూ మధ్య నలిగేది పాపే. బైకు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిబంధనలు తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చాయి: పిల్లను నడిపే మనిషికి కలిపి ఉంచే సేఫ్టీ హార్నెస్, తలకు సరిపడే హెల్మెట్, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్ వేరే వస్తువు, ఈ క్యారియర్ దానికి బదులు కాదు. తొమ్మిది నెలల పాప మెడ మీద హెల్మెట్ బరువు మోపడం కూడా నాకు ఇష్టం లేదు, ఆ మాట ఆయనకు చెప్పాను. ఆటో మాట్లాడుకుని వెళ్లి, బీచిలో దిగాక కట్టుకున్నారు.

పాప నడక మొదలుపెట్టాక ఇంకోసారి తుంటి చూపించమని ఎముకల డాక్టరు రాశారు. తేదీని ఈసారి నాయనమ్మ ఫోన్‌లో అలారంగా పెట్టించాను.